ముందు బిడ్డ అనండి, లెక్కలు తర్వాత తీయండి

ఒళ్లు మండిపోతోంది. చల్లారాక రాస్తే మర్యాదగా వస్తుందని తెలుసు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మా ప్రార్థన గ్రూపులో ఈ పొద్దున ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఈమధ్యే బాప్తిస్మం తీసుకుంది. గ్రూపులో ఇంతవరకు ఎమోజీలు తప్ప మాట పెట్టిన మనిషి కాదు. "నేను క్షమించబడ్డాను, దేవుని కూతుర్ని. ఇవాళ ఆ ధైర్యంతో లేచాను" అని రాసింది. అంతే. ప్రవచనం చెప్పలేదు, పాస్టర్ గారి కుర్చీ అడగలేదు. దానికి ఒక పెద్దాయన జవాబు: "సిస్టర్, తొందరపడకండి. ముందు ఆత్మపరిశీలన చేసుకోండి. కోపం పోయిందా? గర్వం పోయిందా? మనమెంత, ధూళి, బూడిద." చివర్లో జోడించిన చేతుల బొమ్మ. దాని కింద వరసగా ఆమెన్, ఆమెన్, ఆమెన్. కాసేపటికి చూస్తే ఆ అమ్మాయి తన మెసేజ్ డిలీట్ చేసేసింది.

ఏం జరిగిందో చూశారా? ఆ అమ్మాయి తన గురించి దేవుడు చెప్పిన మాటను నమ్మి, పైకి అంది. విశ్వాసులమని చెప్పుకునే జనమంతా కలిసి ఆ మాటను ఆమె చేతే వెనక్కి తీయించారు. పైగా దానికి పేరు వినయం నేర్పడం!

ధూళి, బూడిద అన్నది అబ్రాహాము. ఆదికాండం 18లో. ఎవరి గురించి అన్నాడు? తన గురించి. ఎప్పుడన్నాడు? సొదొమ పట్టణాన్ని నాశనం చెయ్యొద్దని, యాభై మంది నీతిమంతులుంటే, నలభై అయిదుగురుంటే అని దేవుడితో ఒక్కో మెట్టూ దిగుతూ బతిమాలుకుంటున్నప్పుడు. ఇంకొకళ్లని కాపాడడానికి తనను తగ్గించుకున్నాడు ఆయన. మనవాళ్లేమో అదే మాటతో కొత్త విశ్వాసి నోరు మూయిస్తారు.

అసలు ఈ "నేను పాపిని బ్రదర్, పనికిరానివాణ్ణి బ్రదర్" బ్యాచ్ గురించి ఒక మాట. వాళ్లు అలా అన్నప్పుడు "అవునండీ, నిజమే" అని చూడండి ఒకసారి. మళ్లీ మీ మొహం చూడరు. పనికిరానివాణ్ణి అనేది వాళ్ల నోటికి అలంకారం, ఎదుటివాళ్ల మీదికి మాత్రం తీర్పు.

అపొస్తలుడు పౌలు ఉత్తరాలు రాసిన కొరింథు సంఘాన్ని గుర్తు చేసుకోండి. నేను పౌలు వాణ్ణంటే నేను ఇంకో బోధకుడు అపొల్లో వాణ్ణని పార్టీలు కట్టుకున్నారు. ఒకడు తండ్రి భార్యను ఉంచుకున్నాడు, సంఘం దాన్ని చూసి దుఃఖపడాల్సింది పోయి ఉప్పొంగింది. అన్నదమ్ములు ఒకళ్లమీద ఒకళ్లు కోర్టుకెక్కారు. ప్రభువు రాత్రి భోజనం దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి ఉన్నాడు. మన సంఘంలో ఇందులో సగం జరిగినా పోస్టర్ వేసి ఉపవాస కూడిక పెట్టేవాళ్లు. అలాంటివాళ్లకు రాసిన మొదటి పత్రికను, అంటే ఉత్తరాన్ని, పౌలు ఎలా మొదలుపెట్టాడు? క్రీస్తుయేసునందు పరిశుద్ధపరచబడినవారు అని. రెండో వచనంలోనే! తిట్లు తర్వాత వచ్చాయి, బాగానే వచ్చాయి, ఒక్క తప్పునూ దాటవెయ్యలేదు. అయితే తిట్టేముందు వాళ్లెవరో చెప్పాడు. ఆరో అధ్యాయంలో దొంగలు, లోభులు, తాగుబోతులు అంటూ పెద్ద జాబితా ఇచ్చి, మీలో కొందరు అలాంటివాళ్లుగా ఉండేవారు అని భూతకాలంలో చెప్పి, ఇప్పుడు కడగబడ్డారు అన్నాడు. మన పెద్దాయన ఆ రోజుల్లో ఉంటే పౌలుకే మెసేజ్ పెట్టేవాడు, బ్రదర్, తొందరపడకండి అని.

ఎఫెసీ పత్రిక మొదటి మూడు అధ్యాయాలు తీయండి. అంతటా దేవుడు ఏం చేశాడన్నదే. ఏర్పరచుకున్నాడు, దత్తత తీసుకున్నాడు, చచ్చినవాళ్లను బతికించాడు. ఆ మూడు అధ్యాయాల్లో పాఠకుడికి సూటిగా ఇచ్చిన ఆజ్ఞ ఒకే ఒక్కటి: జ్ఞాపకం చేసుకోండి అని. ఇది చెయ్యండి, అది మానండి అనేవన్నీ నాలుగో అధ్యాయం నుంచి. మనవాళ్ల ప్రసంగాలు మాత్రం నాలుగులో మొదలై ఆరులో ముగుస్తాయి. మొదటి మూడు ఉన్నాయని తెలిసిన పాపాన పోరు.

యేసు బాప్తిస్మం దగ్గర కూడా అంతే కదా. "ఈయనే నా ప్రియ కుమారుడు" అని తండ్రి అన్నప్పటికి ఆయన ఒక్క రోగిని బాగు చేసినట్టు సువార్తల్లో లేదు, ఒక్క ప్రసంగం చేసినట్టు లేదు. వెంటనే అరణ్యంలో అపవాది, అదే సాతాను, మొదలుపెట్టిన మాట ఏది? "నీవు దేవుని కుమారుడవైతే." మొదటి దెబ్బే ఆ గుర్తింపు మీద. ఇంత చదివాక కూడా, ఒక అమ్మాయి దేవుని కూతుర్ని అనగానే "నిజంగా కూతురివైతే కోపం పోయిందా" అని అడుగుతున్నారంటే, ఆ ప్రశ్న ఎవరి పాఠశాలలో నేర్చుకున్నట్టు?

"మేం ఉన్న మాటే కదా అన్నాం, ఆమెకు కోపం ఉంది కదా" అంటారు. జెకర్యా మూడో అధ్యాయం తెరవండి. ప్రధానయాజకుడు యెహోషువ మురికి బట్టలతో నిలబడి ఉంటాడు. ఆయన మీద నేరం మోపడానికి సాతాను పక్కన నిలబడి ఉంటాడు. ఆ బట్టలు నిజంగానే మురికివి. నేరారోపణకు అబద్ధం అవసరమే లేదు ఆ రోజు. అయినా దేవుడు గద్దించింది ఎవర్ని? మురికి బట్టలవాణ్ణి కాదు, వేలు చూపించినవాణ్ణి. తర్వాత ఆ బట్టలు విప్పించి మంచి బట్టలు తొడిగించాడు. ఉన్న మాటే అన్నాం అనేవాళ్లు ఆ దృశ్యంలో తాము ఏ పక్కన నిలబడ్డారో చూసుకుంటే బాగుంటుంది. ప్రకటన గ్రంథం పన్నెండో అధ్యాయంలో సహోదరుల మీద రాత్రింబవళ్లు నేరం మోపేవాడు పడద్రోయబడ్డాడని ఉంది. ఆ ఉద్యోగం ఖాళీ అయిందనుకుని మనవాళ్లు అప్లికేషన్లు పెడుతున్నారు.

ఇక "నేనెంత దౌర్భాగ్యుడను" అనే రోమా ఏడో అధ్యాయం వీళ్లకు ఇష్టమైన వాక్యం. పేజీ మాత్రం తిప్పరు. బైబిల్‌కి ఇప్పుడున్న అధ్యాయాలు పెట్టింది 13వ శతాబ్దంలో. పౌలు ఏడు దగ్గర ఆపి, టీ తాగి వచ్చి ఎనిమిది రాయలేదు. దౌర్భాగ్యుణ్ణి అన్న నోటితోనే, క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధీ లేదు అన్నాడు. సగం మాట పట్టుకుని జీవితాంతం ఏడవమంటే ఎలా?

ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన జర్మన్ సన్యాసి లూథర్ పేరెత్తితే వీళ్లకి మహా గర్వం. 1517, విట్టెన్‌బర్గ్, 95 సిద్ధాంతాలు, ప్రతి అక్టోబర్ 31న స్టేటస్‌లు. మరి అంతకుముందు మఠంలో లూథర్ ఏం చేసేవాడో చెప్పరే? ఒక్కో పాపం గుర్తు తెచ్చుకుని గంటల తరబడి ఒప్పుకునేవాడు, ఏదైనా మర్చిపోయానేమోనని మళ్లీ వెళ్లేవాడు. వినేవాడు ఆయన పైఅధికారి స్టౌపిట్స్. ఆయనకే విసుగొచ్చి, నీ లోపలికి చూడ్డం ఆపి క్రీస్తు గాయాలవైపు చూడమని చెప్పాల్సి వచ్చింది. అంటే మన పెద్దాయన ఆ అమ్మాయికి చెప్పిన ఆత్మపరిశీలన పద్ధతిని లూథర్ పూర్తిస్థాయిలో ప్రయోగం చేసి, పిచ్చెక్కే దాకా వెళ్లి, పనిచెయ్యదని తేల్చాడు. అయిదు వందల ఏళ్లు దాటింది. అన్నట్టు 1999లో ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరన్‌లు కూర్చుని, మనిషి నీతిమంతుడిగా తీర్చబడేది కృపవల్లే, తన యోగ్యత వల్ల కాదని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. శతాబ్దాలపాటు ఒకళ్లనొకళ్లు శపించుకున్నవాళ్లకే కుదిరింది. మా గ్రూపు అడ్మిన్‌కి ఇంకా కుదరలేదు.

సరే, కోపం ఇవాళ్టిది ఒక్కటే అయితే ఇంత రాయను. ఇది పాత పుండు.

మా చిన్నాన్న కొడుకు తాగుడు మానేశాడు. మానడం ఎంత కష్టమో చూసినవాళ్లకి తెలుసు. మానిన దగ్గర్నుంచి వాణ్ణి ప్రతి కూడికలోనూ లేపి నిలబెట్టారు. సాక్ష్యం చెప్పు బ్రదర్. మళ్లీ చెప్పు బ్రదర్. ఆ రోజుల్లో ఇంట్లో ఏం పగలగొట్టావో అది కూడా చెప్పు బ్రదర్, జనానికి కదలిక వస్తుంది. వాడికి సంఘంలో ఇంకో పేరే లేకుండా పోయింది. కొత్తవాళ్లకు పరిచయం చేసినా "తాగుడు మానిన బ్రదర్" అనే. మానేసినా సరే, వాడి పేరు ముందు తాగుడే ఉండాలి వీళ్లకి. వాడు పాడేవాడు, పిల్లలకు లెక్కలు చెప్పేవాడు, ముసలివాళ్లను బండి మీద ఇంటిదగ్గర దింపేవాడు. అవేవీ సాక్ష్యంలోకి రాలేదు, ఎందుకంటే వాటిలో బురద లేదు.

తర్వాత ఒకసారి వాడు మళ్లీ తాగుడులో పడిపోయాడు. ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు, కొన్నాళ్లు దూరంగా ఉండమన్నారు, దాన్ని నేను తప్పుపట్టను, క్రమశిక్షణ ఉండాలి. వాడితో తలుపు వేసుకుని మాట్లాడితే చాలదా? లేదు. ప్రార్థన మనవి అంటూ పేరుతో సహా మైకులో చెప్పారు. "పడిపోయిన మన సహోదరుడి కోసం భారంతో ప్రార్థించండి." వాడు అక్కడే కూర్చుని ఉన్నాడు. మా పిన్ని పక్కనే ఉంది. మళ్లీ వాడు ఆ గుమ్మం తొక్కలేదు.

ప్రార్థన మనవి! మనలో చాడీలకు ఉన్నంత మంచి ముసుగు ఇంకెక్కడా లేదు. మామూలుగా చెప్తే కొండెం, కళ్లు మూసుకుని చెప్తే విజ్ఞాపన. లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు ఉన్నాడు కదా, తమ్ముడు "వేశ్యలతో" ఆస్తి తినేశాడని తండ్రి దగ్గర అంటాడు. కథ మొదట్లో ఆ మాట లేదు, దుర్వ్యాపారం వల్ల పాడుచేశాడనే ఉంది. దూరదేశం సంగతులు పొలంలో ఉన్నవాడికి ఎలా తెలిశాయో! వాళ్లకీ ప్రార్థన మనవుల గ్రూపు ఉండే ఉంటుంది. ఇంకా చూడండి, వాడు "నా తమ్ముడు" అనడు, "ఈ నీ కుమారుడు" అంటాడు. తండ్రి ఊరుకోలేదు, "ఈ నీ తమ్ముడు" అని తిప్పి అప్పజెప్పాడు. చిన్నవాడేమో నన్ను కూలివాడిగా పెట్టుకో అని దారిలో తయారుచేసుకున్న మాట దగ్గరికి వచ్చేలోపే ప్రశస్త వస్త్రం తెమ్మని ఆర్డరు వెళ్లిపోయింది. ముందు ఆత్మపరిశీలన చేసుకుని రా, ఉంగరం సంగతి తర్వాత చూద్దాం అనలేదు ఆ తండ్రి.

శిష్యుడు పేతురు, యేసు ఎవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నాడు. తిరిగి లేచిన యేసు ఒడ్డున నిప్పులు వేసి, భోజనం పెట్టి, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ గొర్రెల్ని అప్పగించాడు. ఎరుగనన్న పేతురు అని బోర్డు కట్టలేదు. (తోమాను మాత్రం మనం వదల్లేదు లెండి. "నా ప్రభువా, నా దేవా" అన్నది ఆయనే, అయినా ఎప్పుడు చూసినా సందేహించిన తోమానే.)

ఇప్పుడు మొదలవుతుంది నాకు తెలుసు: "అయితే కృప పేరుతో ఏమైనా చెయ్యొచ్చా?" ఈ ప్రశ్న పౌలు తనే వేసుకుని రోమా ఆరులో జవాబిచ్చాడు, అట్లనరాదు అని. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉండమని ఎవరూ చెప్పట్లేదు. తీతు పత్రిక రెండో అధ్యాయంలో, భక్తిహీనతను వదిలిపెట్టమని మనకు నేర్పేది కృపే అని ఉంది. నేర్పేది కృప. గ్రూపులో పెద్దాయన కాదు. మా వాడికి తాగుడు తప్పని ఎవరూ చెప్పనక్కర్లేదు, వాడికే అందరికంటే బాగా తెలుసు. నువ్వు ఇంకా మావాడివే అని చెప్పే మనిషి ఒక్కడు లేకపోయాడు. తప్పు సరిదిద్దుకునే ఓపిక అక్కణ్ణుంచి కదా వచ్చేది? బయట నిలబెట్టి, బాగుపడితే లోపలికి రానిస్తామంటే ఎవడు బాగుపడతాడు?

వీళ్లు లెక్కపెట్టే పాపాలు కూడా చూడండి. సీసా, సిగరెట్, సినిమా, జుట్టు పొడవు, బట్టల పొడవు. కంటికి కనిపించేవి, అవీ ఎదుటివాళ్లవి. డబ్బు పిచ్చికి మైకులో ప్రార్థన మనవి చెప్పగా నేనెప్పుడూ వినలేదు. చాడీలకు అసలే వినలేదు, ఎవరు చెప్తారు, చెప్పేవాళ్లే వాళ్లయితే.

ఆ అమ్మాయికి నేను విడిగా ఫోన్ చేశాను. "నేనేమన్నా తప్పు రాశానా అక్కా" అని అడిగింది. ఒక్క అక్షరం కూడా తప్పు లేదమ్మా, మళ్లీ పెట్టు అన్నాను. పెట్టను అంది.

కామెంట్లలో "క్రియలు లేని విశ్వాసం మృతం" అని యాకోబు రెండో అధ్యాయం పట్టుకొచ్చేవాళ్లు కాస్త ఆగండి. చదివాను. మీరు అందులోనే తీర్పును మించి కనికరం అతిశయపడుతుందన్న పదమూడో వచనం కూడా చదవండి. మొదటి అధ్యాయంలో దేవుడే తన సంకల్పం చొప్పున మనల్ని కన్నాడని ఉంది, అదీ చదవండి. తర్వాత మూడో అధ్యాయం. అందులో ఎక్కువ భాగం నాలుక గురించే. చదివాక వచ్చి కామెంట్ పెట్టండి, ఎంత పొడుగైనా సరే జవాబిస్తాను.