చెరువులో ఈదే బాణం గుర్తు

మా బావమరిది కారులో దుర్గం చెరువు తీగల వంతెన మీదుగా వెళ్లిన ప్రతిసారీ నాకు నవ్వు ఆగదు. జూబ్లీహిల్స్ 45వ నంబరు రోడ్డు దాటి వంతెన ఎక్కగానే డ్యాష్‌బోర్డు తెర మీది బాణం గుర్తు నేల వదిలేసి నీలిరంగులోకి దిగుతుంది. చెరువు నట్టనడుమ కాసేపు ఈదుతుంది. కారులోని గొంతు మాత్రం ఏ తొట్రుపాటూ లేకుండా వీలైన చోట వెనక్కి తిరగమని సలహా ఇస్తుంది. ఆ వంతెన 2020 సెప్టెంబర్ 25న ప్రారంభమైంది. కారు అంతకు రెండేళ్ల ముందు కొన్నది. నావిగేషన్ ఉన్న మోడలే కావాలని పట్టుబట్టి, కింది మోడల్ కన్నా బాగానే ఎక్కువ డబ్బు పోసి మరీ తీసుకున్నాడు.

అప్‌డేట్ చేయించుకోవచ్చు కదా అంటారు. చేయించుకోబోయాడు. సర్వీస్ సెంటర్‌లో మొదట ఆయన అడిగేది ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. ఒకరు లోపలికి వెళ్లి ఇంకొకరిని పిలుచుకొచ్చారు. ఆ వచ్చినాయన కారులో కూర్చుని తెర మీద రెండు మీటలు నొక్కి చూసి తేల్చేశాడు: "మీ మోడల్‌కు కొత్త మ్యాప్ రావడం లేదు సార్. ఫోను కలుపుకోండి, అందరూ అదే చేస్తున్నారు." అప్పటికి కారు వయసు నాలుగేళ్లు. ఇంజిన్‌కు ఏమీ కాలేదు, ఏసీ చల్లగానే ఉంది, సీట్లు చెక్కుచెదరలేదు. కారులో అన్నిటికన్నా ముందు ముసలిదైపోయింది మ్యాపే.

టైరు ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందో చెబుతారు. బ్యాటరీకి వారంటీ కార్డు ఇస్తారు. ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో అద్దం మీద చీటీ అంటిస్తారు. పాల ప్యాకెట్ మీద కూడా తేదీ ఉంటుంది. మ్యాప్ ఏ నెల నాటిదో, ఎన్నేళ్లపాటు కొత్తది ఇస్తారో కొనేవాడికి కనబడేలా అమ్మకం కాగితాల్లో రాసిన సందర్భం నేనైతే చూడలేదు. మ్యాప్ పాతబడటం నేరమేమీ కాదు. పాడైపోయే సరుకును పాడవని సరుకులా అమ్మడమే నాకు మింగుడుపడదు.

ఈ అలవాటు కారు నావిగేషన్‌తో పాటే పుట్టింది. 1981లో జపాన్‌లో హోండా తెచ్చిన పరికరంలో పటం అంటే ఒక పారదర్శకమైన ఫిల్ము. దాన్ని తెర ముందు అమర్చుకోవాలి. కారు ఎటు తిరిగిందో గైరోస్కోపు కనిపెట్టేది, ఎంత దూరం నడిచిందో చక్రాలు చెప్పేవి. 1985లో అమెరికాలో ఈటాక్ అనే సంస్థ రోడ్లను క్యాసెట్లలోకి ఎక్కించింది. పెద్ద నగరమైతే ఒక క్యాసెట్ చాలేది కాదు, ఊరు దాటకముందే ఇంకొకటి మార్చుకోవాలి. తర్వాత సీడీలు వచ్చాయి, డీవీడీలు వచ్చాయి, ఎస్‌డీ కార్డులు వచ్చాయి. ఘంటసాల క్యాసెట్ నలభై ఏళ్లకూ అదే పాట పాడుతుంది, ఎవరికీ ఫిర్యాదు ఉండదు. రోడ్ల క్యాసెట్ అలా కాదు. అయినా పరిశ్రమ దాన్ని పాటల క్యాసెట్‌లాగే ఒకసారి అమ్మి చేతులు దులుపుకుంది. కొత్తది కావాలంటే మళ్లీ కొనాలి. అమెరికాలోనూ యూరప్‌లోనూ డీలరు దగ్గర ఒక్క డిస్కుకు వంద డాలర్లు, యూరోలు దాటి పోసిన వాళ్లు కోకొల్లలు.

మన రోడ్లు ఎంత తొందరగా మారుతున్నాయో హైదరాబాద్ పడమటి దిక్కు చూస్తే చాలు. 2019 నవంబర్‌లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్, మరుసటి ఏడాది తీగల వంతెన, 2022 జనవరి 1న షేక్‌పేట్ ఫ్లైఓవర్, సరిగ్గా ఏడాదికి కొత్తగూడ ఫ్లైఓవర్. విజయవాడలో 2020 అక్టోబర్‌లో కనకదుర్గ ఫ్లైఓవర్. రోడ్ల పేర్లూ నిలకడగా లేవు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మారాయి. హైదరాబాద్–విజయవాడ దారి 9 నుంచి 65 అయింది, కోస్తా పొడవునా సాగే 5వ నంబరు 16 అయింది, బెంగళూరు దారి 7 కాస్తా 44లో కలిసింది. పెద్దవాళ్లు ఇప్పటికీ ఐదో నంబరు హైవే అనే అంటారు. పాత మ్యాపులు వాళ్ల పక్షమే. జిల్లాల సంగతి చెప్పనక్కర్లేదు. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇప్పుడు పల్నాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో ఉండి జిల్లా కలెక్టరేట్‌కు దారి అడిగినవాణ్ని పాత మ్యాప్ గుంటూరుకు పంపినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయితే రోజూ బండి నడిపేవాణ్ని ఇబ్బంది పెట్టేవి ఈ పెద్ద మార్పులు కావు. డివైడర్ మధ్య సందు మూసేసి యూటర్న్‌ను అర కిలోమీటరు ముందుకు జరుపుతారు. నిన్నటిదాకా రెండువైపులా నడిచిన వీధిని వన్‌వే చేస్తారు. ఫ్లైఓవర్‌కు మంత్రి వస్తాడు, పత్రికలో ఫొటో పడుతుంది. యూటర్న్ మార్పుకు నాలుగు ప్లాస్టిక్ దిమ్మెలు, ఒక ఫ్లెక్సీ. ఏ మ్యాప్ సంస్థకూ ఆ కబురు అందదు.

ఫోనులోని మ్యాప్ ఎప్పటికప్పుడు మారుతుంటే కారులోది ఎందుకు మారదు? ఫోను తనకు కావలసిన ముక్కను అప్పటికప్పుడు సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. కారులో అమర్చిన పద్ధతిలో దేశం మొత్తాన్నీ ముందే మూటగట్టి లోపల పెడతారు. మ్యాప్ సంస్థ మనుషులు బండ్ల మీద తిరిగి సేకరించిన వివరాలను కొన్ని నెలలకోసారి ఒక విడతగా విడుదల చేస్తారు. దాన్ని ఆ కారులోని చిప్పుకూ, మెమరీకీ, సాఫ్ట్‌వేర్‌కూ సరిపడే రూపంలోకి కుదించాలి. ఆ తర్వాత కారు సంస్థ పరీక్షించాలి. చాలామంది తయారీదారులు ఏడాదికి ఒకటో రెండో విడతలతో సరిపెట్టడానికి కారణం ఇదే. అంటే 'సరికొత్త మ్యాప్' అని చేతికొచ్చేటప్పటికే అది కొన్ని నెలల పాతది. ఈ మూటలు ఒక్కో సంస్థకు ఒక్కో తీరున ఉండేవి. ఉమ్మడి పద్ధతి కోసం కార్ల, మ్యాపుల సంస్థలు కలిసి 2009లో ఎన్‌డీఎస్ అనే సంఘం పెట్టుకున్నాయి. మూట మొత్తం మార్చకుండా మారిన ముక్కలనే మార్చడం దానివల్ల కొంత సులువైంది. కానీ ఆ సులువు పాత కార్ల దాకా రాలేదు.

అదే 2009 అక్టోబర్‌లో గూగుల్ ఫోనులో మలుపు మలుపుకూ దారి చెప్పే సేవను ఉచితంగా ఇస్తానని ప్రకటించింది. కార్లలో పెట్టుకునే దారి చూపే పరికరాలు అమ్మే గార్మిన్, టామ్‌టామ్ షేర్లు ఆరోజే పడిపోయాయి. మ్యాపుల వ్యాపారం ఎంత తలకిందులైందో చెప్పడానికి నోకియా ఒక్కటి చాలు. 2008లో నావ్‌టెక్ అనే మ్యాప్ సంస్థను 810 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ వ్యాపారాన్నే 2015లో 280 కోట్ల యూరోలకు వదిలించుకుంది. కొన్నవాళ్లు ఎవరో కాదు, కార్లు తయారుచేసే ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ సంస్థ డైమ్లర్. ఒకరితో ఒకరు పోటీపడే ముగ్గురూ చేయి కలిపారంటే, మ్యాప్ పూర్తిగా పరాయి చేతిలో ఉంటే తమ కారుకు రేపు కళ్లుండవని అర్థం చేసుకున్నారన్నమాట. అంత తెలివి కారు అమ్మాక కొనుక్కున్నవాడి విషయంలో ఎందుకు పనిచేయదో నాకు తెలియదు.

మన దేశంలో ఇంకో చిక్కు ఉండేది. వివరమైన పటాలు గీయాలంటే అనుమతుల చుట్టూ తిరగాలి. వీధుల ఫొటోలు తీసే గూగుల్ బండిని 2011లో బెంగళూరులో ఆపేశారు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చి భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల బెడద తీసేసింది. 2022లో వీధి చిత్రాలు మళ్లీ వచ్చాయి, మొదటి పది నగరాల్లో హైదరాబాద్ ఉంది, ఫొటోలు తీసింది జెనెసిస్, టెక్ మహీంద్రా అనే భారతీయ సంస్థలు. 1995 నుంచి మ్యాపుల పనిలో ఉన్న మ్యాప్‌మైఇండియా అనే సంస్థ ఇక్కడ అమ్ముడయ్యే చాలా కార్ల తెరల వెనక ఉంది. కాబట్టి చట్టం అడ్డొస్తోందన్న సాకు ఇక చెల్లదు. వివరాలు సేకరించేవాళ్లు ఉన్నారు. సేకరించినవి నాలుగేళ్ల కారు దాకా చేరే తోవే లేదు.

ఇంతకీ ఫోను ఉండగా ఈ గొడవ ఎందుకు అని సర్వీస్ సెంటర్ పెద్దమనిషిలాగే మీరూ అడగవచ్చు. మన్ననూరు దాటి నల్లమలలో శ్రీశైలం ఘాట్ ఎక్కినవాళ్లు అడగరు. మారేడుమిల్లి దారిలో వెళ్లినవాళ్లూ అడగరు. సిగ్నల్ పోయిన చోట, ముందే దించుకుని పెట్టుకోకపోతే ఫోను మ్యాప్ బూడిదరంగు గళ్లుగా మారుతుంది. కారులోని మ్యాప్‌కు సిగ్నల్‌తో పనిలేదు. ఇంకా చక్కని ఉదాహరణ మెహదీపట్నం నుంచి మొదలయ్యే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. పదకొండున్నర కిలోమీటర్ల పొడవునా పైన ఒక రోడ్డు, కింద ఒక రోడ్డు. కిందివాళ్లు పిల్లర్ నంబర్లతో చిరునామాలు చెప్పుకుంటారు. ఉపగ్రహ సంకేతాలతో స్థానం లెక్కగట్టే జీపీఎస్‌కు రెండూ దాదాపు ఒక్కటే గీత. మనం పైన ఉన్నామా కింద ఉన్నామా అన్నది ఫోను చాలాసార్లు పోల్చుకోలేదు. కారుకైతే చక్రాల లెక్క తెలుసు, మంచి పరికరం ఉంటే ఎత్తు ఎక్కిన వాలు కూడా తెలుస్తుంది. అన్నీ తెలిసిన కారుకు ఫ్లైఓవర్ ఉందన్న సంగతే తెలియదు. అది తెలిసిన ఫోనుకు తానెక్కడుందో తెలియదు. కళ్లున్నవాడికి దీపం లేదు, దీపమున్నవాడికి కళ్లు లేవు.

పైగా మ్యాప్ ఇప్పుడు దారి చూపడంతో ఆగడం లేదు. విద్యుత్ కార్లు ఛార్జింగ్ ఎక్కడ దొరుకుతుందో చూసుకుని ప్రయాణాన్ని లెక్కగడుతున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారూ వేగ పరిమితి దాటితే హెచ్చరించాల్సిందే. ఆ పరిమితిని కెమెరాతోనో మ్యాప్‌తోనో రెండింటితోనో తెలుసుకుంటుంది. మ్యాప్ పాతదైతే కారు అబద్ధాన్ని నమ్మి మనల్ని మందలిస్తుంది.

ఇంటర్నెట్ ఉన్న కార్లు తమంతట తామే మ్యాప్ దించుకుంటాయి కదా, ఇక బెంగ లేదనేవాళ్లకు ఒక మాట. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో ఏటీ అండ్ టీ అనే టెలికాం సంస్థ తన 3జీ నెట్‌వర్క్‌ను ఆపేసింది. దాని మీద ఆధారపడిన ఎన్నో కార్ల ఇంటర్నెట్ అనుసంధాన సేవలు దానితో పాటే పోయాయి. కారు పదిహేనేళ్లు నడుస్తుంది. లోపలి సిమ్ అన్నేళ్లు బతుకుతుందని ఎవరు హామీ ఇచ్చారు? ఉచిత చందా మూడేళ్లో ఐదేళ్లో ముగిశాక ఏమవుతుందో షోరూములో ఎవరూ చెప్పరు.

ఇక్కడి దాకా నేను కారు సంస్థలనే తిట్టాను. కానీ తాజా మ్యాప్ దొరికితే తీరిపోయే కష్టం కాదిది. 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర రామగంగ మీద సగంలో తెగిపోయిన వంతెన నుంచి కారు కింద పడి ముగ్గురు చనిపోయారు. నావిగేషన్ చూపిన దారిలోనే వచ్చారని పోలీసులు చెప్పారు. వంతెన ముందు భాగం అంతకుముందే వరదల్లో కొట్టుకుపోయింది. ఆ సంగతి మ్యాప్‌లోకి రాలేదు. దారికి అడ్డంగా గట్టి గోడో హెచ్చరిక బోర్డో కూడా లేదు. పోలీసులు పెట్టిన కేసులో ప్రజాపనుల శాఖ ఇంజినీర్లున్నారు, గూగుల్ మ్యాప్స్ అధికారి ప్రస్తావనా ఉంది.

ఆ కేసులో ముందు ఎవరి పేరు ఉండాలన్నదాని మీద నాకు సందేహం లేదు. వంతెన పడిపోయిందని మొదట తెలిసేది రోడ్ల శాఖకు. మ్యాప్ సంస్థ ఆ సమాచారాన్ని ఉపగ్రహ చిత్రాల్లోంచీ, అటు వెళ్లడం మానేసిన ఫోన్ల కదలికల్లోంచీ ఊహించుకోవాల్సి వస్తోంది. నగరంలో అయితే వేల ఫోన్లు ఉంటాయి, ఊహ త్వరగానే కుదురుతుంది. రోజుకు పది బండ్లు తిరిగే పల్లె దారిలో ఊహించడానికి ఏమీ ఉండదు. అంటే ఆలస్యాలు రెండు. మ్యాప్ సంస్థ నుంచి కారుకు చేరే ఆలస్యం ఒకటి. దానివల్ల బాణం చెరువులో ఈదుతుంది, మనం నవ్వుకుంటాం. రోడ్డు నుంచి మ్యాప్ సంస్థకు చేరే ఆలస్యం ఇంకొకటి. ఇందులో మనుషులు పోతారు. అప్‌డేట్ల గురించి మనం చేసే రభసంతా మొదటిదాని గురించే.

రెండోదానికి కావలసినది పెద్ద సాంకేతికత కాదు. ఏ రోడ్డు, ఎక్కడి నుంచి ఎక్కడికి, తెరిచారా మూశారా, ఏ తేదీ నుంచి. ఈ నాలుగు ముక్కలను ఆర్ అండ్ బీ, జాతీయ రహదారుల సంస్థ, కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసులు కంప్యూటర్ చదవగల రూపంలో ఒకే చోట పెడితే చాలు, మ్యాప్ సంస్థలే వచ్చి తీసుకుంటాయి. ఇప్పుడు మాత్రం మళ్లింపు ప్రకటన పత్రికల్లో వార్తగా వస్తుంది, సామాజిక మాధ్యమాల్లో ఫొటోగా తిరుగుతుంది. ఫొటోలోని అక్షరాలను ఏ కారు చదువుతుంది? ప్రతి ఫ్లైఓవర్ మొదట్లో శిలాఫలకం ఉంటుంది. ప్రారంభించిన తేదీ, విచ్చేసిన పెద్దల పేర్లు, హోదాలు అందులో ఒక్క పొల్లు పోకుండా చెక్కి ఉంటాయి. రాతి మీద అంత శ్రద్ధగా చెక్కించగలిగిన శాఖకు అదే తేదీని ఒక ఫైలులో నమోదు చేయడం బరువేమీ కాదు.

మా బావమరిది ఇప్పుడు కొత్త కారు చూస్తున్నాడు. పోయిన వారం షోరూములో మ్యాప్ ఏ తేదీదని అడిగాడట. అమ్మకం కుర్రవాడు సెట్టింగుల్లోకి వెళ్లి, ఒక్కో పేజీ తిప్పి, చివరికి పదమూడు అంకెల వెర్షన్ నంబరు ఒకటి చూపించాడు. అందులో సంవత్సరం ఎక్కడుందో ఇద్దరూ కలిసి చాలాసేపు వెతికారు, దొరకలేదు.