తూకం చీటీ రాయకుండా పని ముట్టుకోకండి

తల్లి బంగారంలోనైనా కంసాలి గురిగింజెత్తు తీయక మానడని ఊళ్లలో ఒక మాట ఉంది. బడిలో చదువుకునేటప్పుడు నా మొహం మీదే అన్నారు. ఇరవై ఆరేళ్లుగా కుంపటి ముందు కూర్చుంటున్నా, ఆ మాట వింటే ఇప్పటికీ కడుపు మండుతుంది. కొత్తగా పనిలోకి వచ్చే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నగిషీ పని, రాళ్లు పొదగడం నాలుగేళ్లు కూర్చుంటే చేతికి వస్తాయి. తూకం దగ్గర పోయిన మాట మాత్రం మళ్లీ రాదు.

ఒకామె పాత గుండ్ల హారం తెచ్చి గాజులు చేయమంది. తూస్తే 38 గ్రాములు. ఆమె లెక్కలో అదంతా బంగారమే. కానీ ఆ గుండ్లకి పైన రేకు, లోపల లక్క. లక్క తీసేసి మూసలో కరిగిస్తే 29 వచ్చింది. అప్పుడు ఆమె చూసిన చూపు నేను మర్చిపోలేదు. రవ్వంత కూడా నేను తీయలేదు, కానీ ముందే చెప్పకపోవడం నా తప్పే. ఇప్పుడైతే వాళ్ల ముందే ఒక గుండు కోసి లోపల ఏముందో చూపిస్తాను. వచ్చినప్పటి తూకం, లక్క తీశాక తూకం, కరిగించాక తూకం, మూడూ చీటీ మీద రాసి ఒక కాపీ వాళ్లకిస్తాను. కరిగేదాకా అక్కడే కూర్చోమంటాను. టైం పడుతుంది, పట్టనివ్వండి.

టంకం, అంటే అతుకు పెట్టడానికి కరిగించే లోహం, ఎంత తక్కువ వాడితే అంత మంచిది. టంకంలో బంగారం పాలు తక్కువ, అందుకే అతుకులు ఎక్కువున్న గొలుసు కరిగిస్తే 916 (22 క్యారెట్ల) స్వచ్ఛత రాదు. కేడీఎం టంకం అయితే అసలు వద్దు. అందులో ఉండేది కాడ్మియం, దాని పొగ ఊపిరితిత్తుల్నీ కిడ్నీల్నీ పాడుచేస్తుంది. ఆకురాయితో రాస్తే రాలే బంగారం పొడి ఎగిరిపోతుందని మా నాన్న ఫ్యాను ఆపి, కిటికీ మూసి ఆ పొగలోనే పనిచేశాడు. మీరు అలా చేయకండి.

మంగళసూత్రాలకి అతుకు పెట్టాలంటే ముందు పగడాలు, ముత్యాలు విప్పేయండి. తొందరలో నేను ఒకసారి విప్పలేదు. మంట తగిలి పగడం సున్నంలా తెల్లబడింది. అది ఆమెకి అత్తగారు ఇచ్చిన పగడం. కొత్తది కొనిచ్చాను. ‘పోన్లే నాయనా’ అంది. తిట్టినా బాగుండేది.

ముక్కూ మొహం తెలియనివాళ్లు చౌకగా అమ్ముతామంటే కొనకండి. దొంగసొత్తని తేలితే పోలీసులు మన బల్ల దగ్గరికే వస్తారు.

ఇక నాకు బాగా కోపం తెప్పించేది వేరే ఉంది. కొన్ని కొట్లవాళ్లు మజూరీ తగ్గించేసి, ‘మిగతాది తరుగులో చూసుకో’ అంటారు. అంటే పనిలో పోయిందని చూపించి బంగారం దొంగతనం చేయమని వాళ్లే చెప్పి, పేరు మాత్రం మనకి పెడుతున్నారు. ఆ పని ఒప్పుకోకండి. మజూరీ ఎంతో నోరు తెరిచి అడగండి. వాళ్ల బిల్లుల్లో పదిహేను, ఇరవై శాతం తరుగు నేను చూశాను. అంత తరుగు ఏ బల్ల మీదా పోదు. మేము ఒళ్లో తోలు పరుచుకుని రాలిన పొడి పట్టుకుంటాం, నేల ఊడ్చిన దుమ్ము డబ్బాలో దాస్తాం, చేతులు కడిగిన నీళ్లు కూడా బకెట్లో ఉంచి అడుగున పేరుకున్నది తీసుకుంటాం.