నవ్వులకి లాకులు కావాలి

1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాక గోదావరి నీళ్ళకి ఓ పద్ధతి వచ్చింది. ఏ కాలవకి ఎంత వదలాలో లాకుల దగ్గర తేలుస్తారు. నవ్వులకే ఏ కట్టడీ లేదు. మా కోనసీమలో ఎవరు పడితే వాళ్ళు, ఎంత పడితే అంత నవ్వేస్తున్నారు.

శాస్త్రం లేక కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వుని 6 రకాలు చేసి, చిరునవ్వు నుంచి పెద్ద నవ్వు దాకా వరసగా, ఉత్తములకి స్మితం, హసితం; మధ్యములకి విహసితం, ఉపహసితం; అధములకి అపహసితం, అతిహసితం పంచాడు. నవ్వు పెద్దదయ్యే కొద్దీ మనిషి చిన్నవాడవుతాడు. ఈ విషయంలో తెలుగు ఇంకా నిక్కచ్చి. టీ బడ్డీ దగ్గర నీటి సంఘం ప్రెసిడెంటు గారు గ్లాసు ఒలికేలా నవ్వితే, "మనసారా నవ్వుతారండి, ఆయ్" అంటారు. అదే జోకుకి గ్లాసులు కడిగే కుర్రాడు నవ్వితే, "ఏంట్రా ఆ ఇకిలింపు?" ఇకిలించడమంటే పళ్ళు బయటపెట్టడమే. బయటపడ్డ పళ్ళు లెక్కేస్తే ప్రెసిడెంటు గారివే ఎక్కువ, కట్టుడువి కాబట్టి.

ఇక ఆడవాళ్ళ నవ్వు. సన్నటి చప్పుడనగానే మనకి 'ఇ' వచ్చేస్తుంది. పెద్ద గుడిగంటది గణగణ అయితే, చిన్న కాలిగజ్జెది కిణకిణ, పిచ్చికది కిచకిచ. కిలకిల, ఇకఇక ఆ వరసలోవే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పుట్టింట్లో కిలకిల అయినది అత్తవారి అరుగు మీద ఇకఇక అవుతుంది, అంతే. గొంతు అదే, ఇంటిపేరు మారింది. "అమ్మాయ్, వీధిలోకి వినపడతన్నాయి నీ ఇకఇకలు!" అని అత్తగారు గదమాయిస్తుండగానే మావగారి నవ్వుకి కొబ్బరిచెట్టు మీద కాకులు లేచిపోతాయి. దానికి పేరు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

కిలకిల సంస్కృతంలోనూ ఉంది. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ జాడ తెలుసుకుని వస్తే వానరులు కిలకిలలు చేశారు. అంతా మగవాళ్ళే. ఈ మాట మా అరుగు మీద ఎత్తితే, "వాళ్ళు కోతులు కదండీ!" అని తేల్చేశారు.

కాబట్టి నవ్వుకి కార్డులివ్వాలి. పట్టాదారు పాసుపుస్తకం చూపిస్తే మనసారా నవ్వొచ్చు. కోడళ్ళు అత్తగారి సంతకం తేవాలి. కౌలు రైతుకి ముసిముసి చాలు, అదీ ధాన్యం డబ్బులు పడ్డాక.