1948లోనే రావి నారాయణరెడ్డి మాట విని ఉంటే

ఏటా సెప్టెంబర్ 17 రాగానే పార్టీలన్నీ ఆ రోజును ఏమని పిలవాలో కొట్లాడుకుంటాయి. 1948లో ఆ రోజున నిజాం భారత సైన్యానికి లొంగిపోయాడు, ఆ మర్నాటి నుంచి మూడేళ్లు మన నల్గొండ పల్లెల్లో ఏం జరిగిందన్నది ఎవరూ ఎత్తరు. నిజాం మీద, ఆయన కొమ్ముకాసిన రజాకార్ల మీద, దేశ్‌ముఖులనే పెద్ద భూస్వాముల మీద కమ్యూనిస్టుల నాయకత్వంలో జరిగిన పోరు నూటికి నూరు పాళ్లు న్యాయమైంది, అందులో రెండో మాట లేదు. కానీ నిజాం లొంగిపోయాక కూడా తుపాకి దించకుండా 1951 అక్టోబర్ దాకా లాగిన పోరు వేరు. దాన్ని 1948లోనే ఆపుదామన్న కమ్యూనిస్టు నాయకుడు మనకున్నాడు, బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి. నిర్ణయం ఆయన చేతిలో ఉంటే పేదోడి చేతిలో భూమి మిగిలేదని నా గట్టి నమ్మకం.

ఆయనకు జనం నాడి తెలుసు. 1944 భువనగిరి సభలో జనం సంఘమని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి అణాకు దించాక పెద్దోళ్లు పక్కకు జరిగారు, జీతగాళ్లు, కూలీలు గుత్పలు (దుడ్డుకర్రలు) పట్టుకొని సంఘంలోకి వచ్చారు. ఆ జనమే 1948లో భారత సైన్యం వస్తుంటే రజాకార్ల పీడ పోయిందని ఊపిరి పీల్చుకున్నారు. వాళ్లను కాపాడిన సైన్యం మీదికే తుపాకి ఎత్తితే ఒంటరివాళ్లమైపోతామన్నది ఆయన వాదన. అదే ఏడాది కలకత్తా మహాసభలో రణదివే ప్రధాన కార్యదర్శి అయ్యాక, దేశమంతా తిరుగుబాటుకు సిద్ధంగా ఉందన్న లెక్కలో ఉన్న కమ్యూనిస్టు పార్టీకి అది ఎక్కలేదు.

అసలు సంగతి బేరం. 1948 సెప్టెంబర్ నాటికి 3 వేల పల్లెలు సంఘం చేతిలో ఉన్నాయని, 10 లక్షల ఎకరాలు పంచామని పార్టీయే చెప్పుకుంది. చేతిలో అంత బలం ఉన్న రోజున సైనిక గవర్నర్ జనరల్ చౌదరి సర్కారుతో కూర్చొని, ముందు దున్నేవాడికి పట్టా ఇవ్వండి, తర్వాత తుపాకులు అప్పజెప్తాం అంటే ఎంతోకొంత దక్కేది కదా! 1951లో ఆపేసరికి పార్టీ సాయుధ దళాలు నల్లమలకు, గోదావరి అడవులకు చేరి ఉన్నాయి, అడగడానికి ఏమీ మిగల్లేదు. అప్పటికే దేశ్‌ముఖులు గాంధీ టోపీలు పెట్టుకొని గడీలకు తిరిగొచ్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు. ఆయన పెద్దమనసును తక్కువ చేయను, కానీ లక్షల ఎకరాలు హక్కుగా గుంజుకున్న జిల్లాలో మూడేళ్లకే భూమిని చెయ్యి చాచి అడగాల్సి రావడం నాకు ఇప్పటికీ కడుపు మండే విషయం.

ఆయుధం దించితే దొరలు మర్నాడే భూములు లాక్కునేవారని, 1950 కౌలుదారీ చట్టం కూడా దళాల భయంతోనే వచ్చిందని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య లాంటివారి వాదన. ఆ భయం ఉత్తదేం కాదు. కానీ తుపాకి ఉండగానే చాలా భూములు పోయాయి, వాటితోపాటు ప్రాణాలూ పోయాయి.

ఆపుదామన్న మనిషిని నల్గొండ జనం 1952లో నెహ్రూ కన్నా ఎక్కువగా, 3 లక్షలు దాటిన ఓట్లతో పార్లమెంటుకు పంపారు. ఊళ్లో జనానికి అర్థమైంది పై కమిటీకి అర్థం కాలేదు. ఇవాళ్టికీ ఏ పార్టీ తీరూ మారలేదు. టికెట్ నుంచి ప్రాజెక్టు దాకా అన్నీ పైనే తేలిపోతాయి, ఇది మా జిల్లాకు నష్టమని లేచి చెప్పినోడి మీద ద్రోహి ముద్ర పడుతుంది. పాలమూరులో, నల్గొండలో ఏ పార్టీ జిల్లా సభలోనైనా సరే, హైకమాండ్ నిర్ణయం మీద కార్యకర్తలతో చేతులెత్తించి ఓటు పెట్టమనండి చూద్దాం.