ఎక్స్‌రే ఎందుకప్పా, పట్టేసిందంతే!

కర్నూలు కొండారెడ్డి బురుజు కాడ టీ అంగడి బెంచీ మీద కూచున్న ప్రతోడూ ఎముకల డాక్టరే, బోర్డు ఒకటి లేదు గానీ. అందుకే గవర్నమెంటుకి నాదొక మనవి, ఎక్స్‌రే మిషన్లన్నీ ఎత్తేసి ఆ కరెంటు మా బోర్లకన్నా ఇయ్యండి, మాకు చూపు చాలు.

రుజువు కావాల్నా? మా అన్న కొడుకు, 15 ఏండ్లోడు, 100 మీటర్లు ఉరుకుతా ఉరుకుతా సగంలో పిర్ర కింద టప్‌మనిందని కూలబడినాడు. పీఈటీ సారు కుర్చీలోంచి లేవకుండానే తేల్చేసినాడు, "ఏంగాలేదు పట్టేసింది, ఇంకో రౌండు కొట్టు వదులుతాది." ఇంటికొస్తే మా నాయన బామ్ పూసి పిసికినాడు, మామ కాలు పట్టుకుని చెవిదాకా లాగినాడు, పక్కింటి పెద్దమ్మ పుత్తూరు కట్టు అనింది, పిర్రకి కట్టు యాడ కడతారని ఎవురూ అడగలే. పిల్లోడు ఒక పక్కకి ఒరిగి కూచుని ఉగ్గాని తింటాంటే అది పరీక్షలు ఎగ్గొట్టే యాక్టింగని ఇంకో రిపోర్టు.

పది దినాలకి ఎక్స్‌రే తీస్తే అవల్షన్ ఫ్రాక్చర్. 14 నుంచి 17 ఏండ్లప్పుడు తుంటి ఎముక అంచులు ఇంకా పూర్తిగా అతుక్కోవంట, గ్రోత్ ప్లేట్, అంటే ఎముక పెరిగే చోటు, మెత్తగా ఉంటాది, కండ మాత్రం అప్పటికే ముదిరి కూచుంటాది, ఒక్క ఊపున లాగితే మనకైతే కండ చినుగుతాది, వీళ్ళకి ఎముక ముక్కే ఊడొస్తాది. వీనికి ఊడింది కూచునే ఎముక కాడ, తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ అనే కండ పుట్టేది ఆన్నే, ఫుట్‌బాల్ తన్నే పిల్లోళ్ళకైతే ముందుపక్క. ముక్క 2 సెంటీమీటర్లకు మించి జరిగింటేనే ఆపరేషన్ మాట ఎత్తుతారు, లేకుంటే చంక కర్రలు, రెస్టు, నిదానంగా ఎక్సర్‌సైజులు, మళ్ళీ ఆటంటే రెండు మూడు నెలలు.

"ఇంత నొప్పిలో కాలు సాగదీసి మాలిష్ చేసిందెవరు?" అని డాక్టరు అడిగితే మా వాళ్ళంతా గోడ మీద క్యాలెండర్లో ఏకాదశి ఎప్పుడో ఎతుకుతా నిలబడినారు.

నిన్న పీఈటీ సారు ఫోన్ చేసినాడు పాపం, మంచి మనిషి. "రెస్టు తీసుకోనీలేప్పా, తొందరేం లేదు, వచ్చే నెల జోనల్స్‌లో లాంగ్‌జంప్ రాయిస్తాలే, దాంట్లో ఉరికేది తక్కువే కదా."