పేగుబంధం మీదే మయన్మార్ సైన్యం యుద్ధం

రోజుకు ఆరేడు కుటుంబాలు. 2021 నవంబరు మొదలుకొని మూడు నెలల పాటు మయన్మార్ ప్రభుత్వ దినపత్రికల్లో సగటున అన్ని కుటుంబాలు ప్రకటనలు వేయించాయి. ఫలానా అబ్బాయి ఇక మా కొడుకు కాడు, ఫలానా అమ్మాయితో మాకే సంబంధమూ లేదు. రాయిటర్స్ వార్తా సంస్థ పరిశీలించినవే సుమారు 570. మన పత్రికల చిన్న ప్రకటనల్లోనూ ఇటువంటివి కనిపిస్తుంటాయి. ఇక్కడ కారణం ఆస్తి తగాదానో, కొడుకు చేసిన అప్పులో. అక్కడ కారణం, 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసి గద్దెనెక్కిన సైన్యం. తనను ఎదిరించే తిరుగుబాటుదారుల ఆస్తులు జప్తు చేస్తామని, వారికి ఆశ్రయమిచ్చేవారిని అరెస్టు చేస్తామని అది ప్రకటించిన తర్వాతే ఈ ప్రకటనలు వెల్లువెత్తాయి.

ఈ తల్లిదండ్రులను పిరికివారన్నవాళ్లున్నారు. నేను అనలేను. ఇంట్లో ముసలివాళ్లు, చదువుకునే చెల్లెళ్లు ఉన్నప్పుడు, తలదాచుకునే గూడును దక్కించుకోవడానికి అడవికి వెళ్లిన కొడుకును కాగితం మీద వదులుకున్నారు. ఆ కాగితం మీది మాటను మనసులోని మాటగా చదివితే మనం సైన్యం కోరుకున్నట్టే చదివినవాళ్లమవుతాం.

మయన్మార్ అంతర్యుద్ధాన్ని మన టీవీ చర్చల్లో చైనా పైపులైన్లు, అరుదైన ఖనిజాలు, మయన్మార్ మీదుగా మన ఈశాన్యానికి దారి వేసే కాలాదాన్ రవాణా ప్రాజెక్టు అనే లెక్కల్లో చూస్తున్నారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ ఈ యుద్ధానికి అసలు రంగస్థలం ఇల్లు. ఇరవై ఏళ్ల కుర్రవాడి సంపాదన ఎవరిది, అతని ఒంట్లో సత్తువ ఎవరిది, ఇంటికా, సైన్యానికా అన్నదే అక్కడ రోజూ తేలుతున్న ప్రశ్న.

ఇది కొత్త ఎత్తుగడ కాదు. 1960ల నుంచి బర్మా సైన్యం 'నాలుగు కోతలు' అనే వ్యూహాన్ని అనుసరిస్తోంది. తిరుగుబాటుదారులకు తిండి, డబ్బు, సమాచారం, కొత్తగా చేరే మనుషులు, ఈ నాలుగూ అందకుండా కోసేయడం. కరెన్, కాచిన్ కొండల్లో అరవై ఏళ్లుగా ఊళ్లు తగలబెట్టింది ఈ వ్యూహంతోనే. ఆ నాలుగూ ఎక్కడి నుంచి వస్తాయో ఒకసారి ఆలోచించండి. అన్నం పెట్టేది తల్లి. డబ్బు పంపేది అన్న. కబురు చెప్పేది మేనమామ. వెనకాలే బయలుదేరేది తమ్ముడు. నాలుగు కోతలంటే చుట్టరికాన్ని నాలుగు చోట్ల నరకడమే. 2021 తర్వాత ఆ కత్తి కొండల నుంచి దిగి యాంగోన్, మాండలే నగరాల నడిబొడ్డుకు వచ్చింది. పత్రికా ప్రకటనలు దాని గాయాలే.

పనికి, కుటుంబానికి మధ్య ముడిని సైన్యం ఎంత బాగా గుర్తించిందో చూడండి. సైన్యం గద్దెనెక్కిన కొత్తల్లో వైద్యులు, ఉపాధ్యాయులు, రైల్వే కార్మికులు సహాయ నిరాకరణకు దిగారు. 2021 మార్చి 10న యాంగోన్‌లోని మహ్‌ల్వాగోన్ రైల్వే క్వార్టర్లను బలగాలు చుట్టుముట్టాయి. సమ్మె చేసింది కార్మికుడు, వంటసామాను నెత్తిన పెట్టుకుని వీధిన పడింది అతని భార్యాపిల్లలు. రాత్రి ఇంటికి చుట్టాలొస్తే వార్డు అధికారి దగ్గర పేరు రాయించాలన్న పాత నిబంధనను అదే ఏడాది ఫిబ్రవరిలో తిరిగి తెచ్చారు. సొంత కొడుకు పండక్కి ఇంటికొస్తే అతిథిగా నమోదు కావాలి!

ఆ తర్వాత 2024 ఫిబ్రవరి 10. 2010లో రాసి పక్కన పడేసిన నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమలు చేస్తున్నట్టు ప్రకటించారు. పురుషులకు 18 నుంచి 35 ఏళ్లు, స్త్రీలకు 18 నుంచి 27. సేవాకాలం రెండేళ్లు, అత్యవసర పరిస్థితిలో ఐదేళ్లు. వార్డుల్లో ఇంటి సభ్యుల జాబితాలు తెరిచి చీటీలు తీశారు. డబ్బున్నవారు లంచమిచ్చారు, బదులు మనిషిని కొన్నారు, లేనివారు పొలం అమ్మారు. మాండలే పాస్‌పోర్టు కార్యాలయం దగ్గర తొక్కిసలాటలో ఇద్దరు మహిళలు చనిపోయారు. యాంగోన్‌లోని థాయ్ రాయబార కార్యాలయం రోజుకు 400 టోకెన్లకు మించి ఇవ్వలేకపోయింది. అదే ఏడాది మేలో, పురుషులు విదేశాల్లో పనికి వెళ్లే అనుమతులను ఆపేశారు.

ఆ నిషేధం వెనకున్న లెక్క దారుణమైనది. థాయ్‌లాండ్‌లో చేపల శుద్ధి, నిర్మాణ పనులు చేసే బర్మా కుర్రాళ్లు పంపే డబ్బుతోనే లక్షల ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. ఆ సంపాదనలో పాతిక శాతం తప్పనిసరిగా అధికారిక బ్యాంకుల ద్వారానే పంపాలని 2023లోనే ఆదేశించారు. బ్యాంకులో మారకం రేటు బయటి ధరకంటే బాగా తక్కువ. అందుకే జనం దొడ్డిదారిన డబ్బు పంపుతారు. ఆ దారిని బర్మా భాషలో కూడా 'హుండీ' అనే అంటారు. మన వర్తకులు అక్కడికి మోసుకెళ్లిన మాట అది. పిల్లవాడు దేశంలో ఉంటే తుపాకీకి కావాలి, బయటుంటే వాడి జీతంలో వాటా కావాలి. పౌరసత్వం నిరాకరించిన రోహింగ్యా యువకులను సైతం 2024లో బలవంతంగా యూనిఫారంలోకి దించారు.

తిరుగుబాటు దళాలు మాత్రం తక్కువ తిన్నాయా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. షాన్ రాష్ట్రంలోని తాంగ్ తెగ తిరుగుబాటు సైన్యం ఇంటికొకరిని ఇవ్వమంటుంది. రఖైన్ రాష్ట్రంలోని తిరుగుబాటు దళం అరాకాన్ ఆర్మీ కూడా తన అధీనంలోని ప్రాంతంలో నిర్బంధ సేవ పెట్టింది. ఇది తప్పే. అయితే తన సొంత పౌరుల ఇళ్ల మీద విమానాలతో బాంబులు వేస్తున్నది, 2025 మార్చి 28 భూకంపం తర్వాత శిథిలాల మధ్య కూడా దాడులు ఆపనిది ఒక్క ప్రభుత్వ సైన్యమే. తప్పులు రెండు వైపులా ఉన్నాయని తూకం వేసి ఊరుకోవడం నా వల్ల కాదు.

మన సంగతికి వద్దాం. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. నిర్బంధ చట్టం ప్రకటనకు సరిగ్గా రెండు రోజుల ముందు, 2024 ఫిబ్రవరి 8న, మయన్మార్ సరిహద్దులో వీసా లేకుండా 16 కిలోమీటర్లు రాకపోకలు సాగించే వెసులుబాటును రద్దు చేస్తున్నట్టు మన కేంద్ర హోంమంత్రి ప్రకటించారు. తర్వాత పూర్తిగా ఎత్తేయకుండా దాన్ని 10 కిలోమీటర్లకు కుదించారు. 1951 శరణార్థుల ఒప్పందంపై మనం సంతకం చేయలేదు, సొంత చట్టమూ రాసుకోలేదు. చీటీలో పేరొచ్చిన, మిజోరం సరిహద్దుకు అవతల ఉండే చిన్ తెగ కుర్రవాడు ఏరు దాటి వస్తే మన చట్టానికి అతను అక్రమ చొరబాటుదారు. వేలాది చిన్ ప్రజలకు అన్నం పెట్టిన మిజోరం ఒక్కటే ఈ విషయంలో మన పరువు నిలబెట్టింది. వారు మా రక్తసంబంధీకులని మిజోలు కేంద్రానికి ముఖం మీదే చెప్పారు.

2025 మార్చిలో మయన్మార్ సైబర్ నేర స్థావరాల్లో చిక్కుకున్న 549 మంది భారతీయులను వైమానిక దళ విమానాలు వెనక్కి తెచ్చాయి. వారిలో తెలుగు యువకులూ ఉన్నారు. వారి తల్లులు విమానాశ్రయాల్లో ఎలా ఏడ్చి ఉంటారో మనకు తెలుసు. మిజోరం సరిహద్దు పట్టణం చంపాయి దగ్గర ఏటి ఒడ్డున నిలబడే తల్లి ఏడుపు వేరే భాషలో ఉంటుంది, అంతే తేడా.

తెలుగువాళ్లకు ఇది పరాయి కథ కాకూడదు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ రేవుల్లో మూటలు మోసినవాళ్లు మనవాళ్లు. వారిని అక్కడ 'కోరంగీలు' అనే పిలిచారు. 1942లో జపాన్ బాంబులకు బెదిరి అడవుల వెంట నడిచి వచ్చినవారి, 1960లలో సైనిక పాలకుడు నే విన్ జాతీయీకరణతో సర్వం పోగొట్టుకుని వచ్చినవారి వారసులు విశాఖపట్నంలో ఇప్పటికీ ఉన్నారు. అక్కడ బర్మా క్యాంపు అనే పేట ఉంది. ఆ వచ్చినవాళ్లను మన పెద్దలు అక్రమ వలసదారులనలేదు, కాందిశీకులన్నారు. 'ఏ దిక్కుకు పోను' అని వెతుక్కుంటూ పరుగెత్తేవాడని ఆ సంస్కృత పదానికి అర్థం. చంపాయి దగ్గర ఏరు దాటే కుర్రవాడికి మన చట్టంలో ఆ పేరు రాయాలి. పార్లమెంటులో మన రెండు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు. వారిలో ఒక్కరైనా శరణార్థుల చట్టం కోసం ప్రైవేటు బిల్లు పెట్టి, బర్మా క్యాంపు పేరు సభలో పలకాలి.