గంటసేపు ఆపకుండా పరుగెత్తిస్తే పిల్లలకు ఆట మీద ఇష్టం పుడుతుందా?

పిల్లల్లో వ్యాయామం అలవాటు చేయడం గురించి ఒక సందేశం చాలాకాలంగా ఫోన్లలో తిరుగుతోంది. దాని సారం ఇది. ఇప్పటి పిల్లలు బద్ధకస్తులు. ఆరేళ్లు నిండేలోపే ఏదో ఒక ఆట ఎంచి శిక్షణలో చేర్చాలి. రోజూ గంటసేపు ఆపకుండా సాధన చేయించాలి, వాళ్లంతట వాళ్లు వేసే గంతులు లెక్కలోకి రావు. చేస్తే బహుమతి, మానేస్తే శిక్ష. పోటీ లేనిదే ఆసక్తి పుట్టదు. పరీక్షలప్పుడు మాత్రం అన్నీ కట్టిపెట్టాలి. ఆడపిల్లలు పెద్దవుతుంటే సహజంగానే మానేస్తారు, పట్టించుకోనక్కర్లేదు.

దీన్ని పదిమందికీ పంపుతున్నవారి ఆందోళనలో నిజం ఉంది. 146 దేశాలకు చెందిన 16 లక్షల మంది విద్యార్థుల సమాచారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు విశ్లేషించారు. 2016 నాటికి 11–17 ఏళ్లవారిలో 81 శాతం మంది తగినంతగా కదలడం లేదని తేలింది. కానీ ఆ అంకే సందేశంలోని మొదటి మాటను కొట్టేస్తోంది. అన్ని దేశాల్లో, అంతమంది పిల్లలు ఒకేసారి బద్ధకస్తులుగా పుట్టారంటే నమ్మగలమా? వాళ్లకు ఆడుకునే చోటు, సమయం, తోడు ఏమయ్యాయని అడగాలి గానీ వాళ్ల స్వభావాన్ని తప్పుపట్టి ఏం లాభం?

గంటసేపు ఆపకుండా అన్న నియమం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు గానీ, వైద్య మార్గదర్శకాల నుంచి మాత్రం రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది ఏమిటంటే, 5–17 ఏళ్లవారికి వారం మొత్తం మీద సగటున రోజుకు 60 నిమిషాల పాటు ఒక మోస్తరు నుంచి తీవ్రస్థాయి కదలిక ఉండాలని. సగటు అన్న మాట గమనించండి. పొద్దున పది నిమిషాలు, బడి విరామంలో పదిహేను, సాయంత్రం మిగతాది, అన్నీ కలుపుకోవచ్చు. ఒకరోజు తగ్గినా మర్నాడు పూడ్చుకోవచ్చు. 3–4 ఏళ్ల చిన్నారులకైతే 2019 మార్గదర్శకాలు రోజులో 180 నిమిషాల కదలిక కావాలన్నాయి, అందులో గంటైనా చురుకైనది ఉండాలి. మూడేళ్ల పిల్లకు మూడు గంటల సాధన ఎవరు చేయించగలరు? ఆ సమయమంతా ఆటల్లోనే గడవాలి.

నిజానికి పిల్లల శరీరం కదిలే తీరే వేరు. 1995లో అచ్చయిన ఒక పరిశీలనలో 6–10 ఏళ్ల పిల్లల కదలికలను సెకన్ల లెక్కన నమోదు చేశారు. చూసింది కొద్దిమందినే అయినా ఫలితం ఆలోచింపజేస్తుంది. తీవ్రమైన కదలికల్లో సగం మూడు సెకన్లకు మించలేదు, 95 శాతం పదిహేను సెకన్లలోపే ముగిశాయి. పరుగు, ఆగడం, మళ్లీ పరుగు. దాగుడుమూతల్లోనూ తాడాటలోనూ జరిగేది ఇదే. పెద్దలు చేసే ఏకబిగి వ్యాయామాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఇదంతా అల్లరిలాగే కనిపిస్తుంది మరి.

ఆరేళ్లలోపే ఒకే ఆట అన్న సలహా మీద ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016 నివేదికలో చాలా ఆటలకు ఒకేదాని మీద దృష్టి పెట్టడాన్ని 15–16 ఏళ్ల వరకు వాయిదా వేయడమే మంచిదని చెప్పింది. ఎదిగే ఎముకలకూ కండరాలకూ పదే పదే ఒకే రకం ఒత్తిడి పడితే గాయాలవుతాయి, విసుగూ పెరుగుతుంది. జిమ్నాస్టిక్స్ వంటి కొన్ని ఆటల్లో ముందే మొదలుపెట్టక తప్పదంటారు, అది వేరే చర్చ.

ఈ జాబితాలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది బహుమతి–శిక్ష సూత్రం. చూడటానికి సబబుగా ఉంటుంది, అందుకే ప్రమాదం. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మ గీస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత ఖాళీ సమయంలో, ముందే మాట పొందిన పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మల మీద గడిపారు. అది పరుగు కాదు, బొమ్మలే. అయినా ఇష్టంగా చేసే పనిని కూలిపనిగా మార్చడం ఎంత తేలికో దాన్నిబట్టి తెలుస్తుంది.

శిక్ష ఇంకా అన్యాయం. తప్పు చేసినందుకు మైదానం చుట్టూ నాలుగు చుట్లు పరుగెత్తమంటే, పరుగంటేనే శిక్ష అని మనమే నేర్పినట్టు. హోంవర్క్ చేయలేదని విరామం రద్దు చేయడం కూడా అలాంటిదే. శిక్షగా గానీ చదువు పేరుతో గానీ విరామాన్ని తీసేయకూడదని పైన చెప్పిన అకాడమీయే 2013లో స్పష్టం చేసింది.

మరి ఇష్టం ఎలా పుడుతుంది? మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్‌ల సిద్ధాంతం ప్రకారం మూడు కావాలి: ఎంచుకునే స్వేచ్ఛ, చేయగలనన్న నమ్మకం, తోడు. వీటిని ఆచరణలోకి తేవడం కష్టం కాదు. ఈ రోజు సైకిలా, బంతా అని అడగండి. బంతి పట్టుకోలేని పిల్లవాడికి పెద్ద, మెత్తటి బంతి ఇవ్వండి. ఓడినవాళ్లను బయట కూర్చోబెట్టే ఆటలు తగ్గించండి. అలాంటి ఆటల్లో నేర్పు లేని పిల్లలే ముందు బయటికొచ్చి ఎక్కువసేపు ఖాళీగా కూర్చుంటారు. సాధన ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఆట తక్కువ దొరుకుతుందన్నమాట. మీరూ వాళ్లతో కలిసి ఆడండి. ఒడ్డున నిలబడి అరిచే తోడు తోడు కాదు.

పోటీ లేకపోతే ఆసక్తి ఉండదట! అమెరికాలో అమాండా విసెక్ అనే పరిశోధకురాలి బృందం ఫుట్‌బాల్ ఆడే పిల్లలనే ఆటలో ఆనందం ఎక్కడుందని అడిగింది. వాళ్ల నుంచి వచ్చిన 81 కారణాల్లో గెలుపు మొదటి పదిలోనూ లేదు. శాయశక్తులా ఆడటం, జట్టులో సఖ్యత, శిక్షకుడి ఆదరణ అంతకంటే ఎంతో పైన నిలిచాయి.

చదువు దెబ్బతింటుందన్న భయానికి జవాబు పాతదే. కెనడాలోని ట్రువా రివియేర్‌లో 1970లలో ప్రాథమిక విద్యార్థులకు తరగతి సమయం తగ్గించి మరీ రోజుకు గంట వ్యాయామం పెట్టారు. మార్కులు పడిపోలేదు. అలాగని ఆటలాడితే మార్కులు పెరుగుతాయని నేను మాట ఇవ్వను. మార్కుల కోసం ఆడించడం మళ్లీ ఆ బహుమతి వ్యాపారమే.

ఇక ఆడపిల్లల మాట. 2016 లెక్కల్లో తగినంత కదలిక లేని బాలికలు 85 శాతం, బాలురు 78 శాతం. తేడా ఉన్నమాట నిజమే. అది సహజమైతే అన్ని చోట్లా ఇంచుమించు ఒకేలా ఉండాలి కదా. 43 దేశాల్లో ఆ తేడా పది శాతం పాయింట్లకు మించింది. టోంగా, సమోవా, ఆఫ్ఘనిస్తాన్, జాంబియాల్లో బాలికలే బాలుర కంటే కాస్త మెరుగ్గా ఉన్నారు. ప్రకృతి దేశానికో తీరుగా ఉండదు. సౌకర్యంగా లేని దుస్తులు, బట్టలు మార్చుకునే గది లేకపోవడం, నెలసరి రోజుల్లో ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బంది, మైదానాన్ని ముందే ఆక్రమించిన అబ్బాయిలు, ఒంటి మీద వ్యాఖ్యలు, ఇవీ వాళ్లను ఆటకు దూరం చేసేవి. వీటిలో ఏ ఒక్కటీ ఆ పిల్లల చేతిలో లేదు, అన్నీ బడి నడిపేవారి చేతిలో, ఇంట్లో పెద్దల చేతిలో ఉన్నాయి.